ఫ్లెక్సీకి నోరుండదు

జూలై 1, మంగళవారం

ఈ నోట్‌బుక్ లుర్దెస్ ఇచ్చింది. నలభై మూడేళ్ల కాపురంలో నా భార్య నాకు పుస్తకం కొనిపెట్టడం ఇదే మొదటిసారి. "ఇదుగో, నోరు దురద పెట్టినప్పుడల్లా ఇందులో రాసుకో. బయట ఒక్కరితో అన్నావంటే ఆ నోట్లో ఎండుచేప కుక్కుతాను" అంది. నేను చదివింది ఆరో తరగతి. ఆ తర్వాత నలభై ఒక్క ఏళ్లు జనాన్ని ఎక్కించుకుని ఊళ్లో జీప్నీ నడిపాను. చేత్తో రాసినదంతా బండి అద్దం మీద మా ఇలోయిలో పేటల పేర్లే. జారో, లా పాజ్, మోలో. అయినా ఈ రోజు రాయకపోతే గుండె పగిలి చచ్చిపోతాను.

నా కూతురికి ఇల్లు వచ్చింది.

మళ్లీ రాస్తాను. నా కూతురు జోనాబెల్‌కి ఇల్లు వచ్చింది. నా బంగారానికి, నా ఇందాయ్‌కి, నా చిట్టితల్లికి ఇల్లు వచ్చింది.

మొగుడు ఎల్మర్ దగ్గర తొమ్మిదేళ్లు ఉంది. ఆ తొమ్మిదేళ్ల గురించి ఇందులో రాయను, ఇది సంతోషానికి కొన్న పుస్తకం. మార్చిలో ఒక మధ్యాహ్నం, ఎల్మర్ ఓడరేవులో పనికి వెళ్లాక, నా మనవరాలు జ్యువెల్‌ని ఒక చేత్తో, ఒక సంచిని ఇంకో చేత్తో పట్టుకుని బయటికి వచ్చేసింది. మా ఇంటికి రాలేదు. ఎల్మర్ మొదట వెతికేది ఇక్కడే. నాలుగు నెలలు సిస్టర్లు నడిపే ఆశ్రమంలో ఉంది. అదెక్కడో లుర్దెస్‌కి చెప్పారు. నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇప్పుడు సొంతంగా ఒక గది, వంటకి చిన్న చోటు, స్నానాల గది, రెండేళ్ల దాకా. ఇలా ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లకి ఆ సిస్టర్లూ నగర కార్యాలయమూ కలిసి ఇస్తారు. పొయ్యి, పరుపు మోయడానికి నమ్మకమైన మనిషి కావాలన్నారట. జోనాబెల్ నా పేరు చెప్పింది. నా పేరు. ఇళ్ల సంగతి చూసే మేడం పలోమార్ నన్ను కూర్చోబెట్టి, కుడిచెయ్యి ఎత్తించింది.

"తాతగారూ, అడ్రసు ఎవరికీ చెప్పకూడదు."

"చుట్టాలకి?"

"చెప్పకూడదు."

"చర్చిలో ఫాదర్‌కి?"

"ఫాదర్‌కి కూడా."

"పాపసంకీర్తనంలో అడిగితే?"

"మీ కూతురి అడ్రసు పాపం కాదు కదా, ఆయనెందుకు అడుగుతారు?"

తెలివైన మనిషి. అడ్రసు బయటికి పొక్కితే జోనాబెల్ అదే రోజు ఖాళీ చేయాలట, మళ్లీ ఇల్లు ఎప్పుడొస్తుందో చెప్పలేరట, వరసలో ఇంకా పదకొండు మంది ఉన్నారట. పొక్కడం ఏమిటి, నేనుండగా.

ఇల్లు ఎక్కడంటే, శాంతా క్లారా వీధి, 14వ నంబరు, పచ్చ గేటు, మేడ మీద ఎడమ వైపు గది. రాసేశాను. ఆగిపోయిన తుమ్ము వచ్చినంత హాయిగా ఉంది.

జూలై 2, బుధవారం

ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. అడిగితే బాగుండు, చెప్పనని చెప్పేవాణ్ణి.

జూలై 3, గురువారం

రాత్రంతా నిద్రపోయినట్టే లేదు, ఆ ఇల్లే కళ్ల ముందు. మొన్న సామాను చేర్చిన రోజు సంగతి రాయాలి.

మా ఆచారం ప్రకారం కొత్త ఇంట్లోకి ముందు బియ్యం, ఉప్పు వెళ్లాలి. బియ్యం నేను పట్టుకున్నాను, ఉప్పు జ్యువెల్ పట్టుకుంది. మెట్ల మీద సగం ఉప్పు పోసింది. "పర్లేదు, మెట్లకీ రుచి తెలియాలిగా" అన్నాను. మెట్ల కింద వాటాలో ఇంటావిడ ఉంటుంది, ఎనభై ఏళ్ల ముసలావిడ. ఉప్పు చూసి నన్ను తిట్టింది. ఆ తిట్టు కూడా నాకు దీవెనలా వినిపించింది.

జ్యువెల్‌కి ఆరేళ్లు. ఇల్లంతా చూడకుండా తలుపు దగ్గరే నిలబడిపోయింది. "లోలో, గడియ లోపలుంది" అంది. లోలో అంటే మా భాషలో తాత. వాళ్ల పాత ఇంట్లో గడియ బయట ఉండేది. గడియ వేసింది, తీసింది. వేసింది, తీసింది. ముప్పై నలభై సార్లు.

"అరిగిపోతుందే తల్లీ" అన్నాను.

"ఆడుకోనీ నాన్నా" అంది జోనాబెల్.

మొదటి అన్నం మాడింది. జోనాబెల్ గిన్నెలోకి చూస్తూ కాసేపు కదలకుండా నిలబడింది. భుజాలు పైకి ముడుచుకుని, ఎవరో ఏదో అంటారని ఎదురుచూస్తున్నట్టు. ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. నేల మీద కూర్చుని, గరిటె పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. ముగ్గురం ఆ మాడు గీకి గీకి తిన్నాం. నా జన్మలో అంత మంచి భోజనం చేయలేదు.

జూలై 5, శనివారం

మా సందులో గోడలన్నీ ఫ్లెక్సీలే. పక్కింటి కరిదాద్ మేనకోడలు నర్సు పరీక్ష పాసైందని ఎనిమిదడుగుల ఫ్లెక్సీ వేశారు, ఆ పిల్ల ఒక్కో పన్ను ఇటుకంత ఉంది. ఎదురింటివాళ్లు కొడుకు ఆరో తరగతిలో "బుద్ధిమంతుడు" అనిపించుకున్నాడని వేశారు. మూల మీద మంగలి తన కోడిపుంజు పందెం గెలిచిందని వేశాడు. కంగ్రాచ్యులేషన్స్, కింద కోడి ఫొటో, కింద కోడి పేరు.

మా గోడ ఒక్కటే ఖాళీ. జోనాబెల్ హైస్కూలు ముగించినప్పుడు ఫ్లెక్సీ వేయిస్తానన్నాను. ఆ నెలలోనే జీప్నీ గేరుబాక్సు పోయింది. "పర్లేదు నాన్నా" అంది. పదిహేడేళ్ల కిందటి మాట. ఆ "పర్లేదు" ఇంకా నా చెవిలో ఉంది.

నర్సు పరీక్షకి పుస్తకం ఉంటుంది. కోడికి పందెం నేర్పేవాడు ఉంటాడు. పిల్లనీ సంచినీ పట్టుకుని ఆ తలుపు దాటి రావడానికి నా కూతురికి ఎవరు నేర్పారు? కోడికి ఫ్లెక్సీ ఉంది, నా కూతురికి లేదు.

మాట ఇచ్చాను, నిజమే. ఎవరికీ చెప్పనన్నాను. చెప్పడం అంటే నోటితో చెప్పడం. ఫ్లెక్సీకి నోరుండదు.

జూలై 7, సోమవారం

లుర్దెస్ నొవేనా ప్రార్థనకి వెళ్లింది. నేను బోయెత్ ప్రింటింగ్ షాపుకి వెళ్లాను.

"తాతా, ఏం పాసైంది?" అన్నాడు బోయెత్, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా.

"పాసవలేదు. ఇల్లు వచ్చింది."

"లాటరీనా?"

"లాటరీ కన్నా కష్టం."

"ఇళ్లకి నా దగ్గర డిజైన్ లేదు. నర్సులది వాడేస్తా. ఇక్కడ ఫొటో, ఇక్కడ ర్యాంకు, ఇక్కడ కాలేజీ పేరూ ఊరూ. కాలేజీ ఏం పెట్టను?"

"అది తీసెయ్."

"తీస్తే ముందుపన్ను ఊడినట్టుంటుంది తాతా. నువ్వే చూడు."

చూశాను. నిజంగానే పన్ను ఊడినట్టుంది. నా కూతురి ఫ్లెక్సీకి పన్ను ఊడడమా. ఒక నిమిషం ఆలోచించాను. నిజంగా ఆలోచించాను, గోడ గడియారం చూసుకుంటూ పూర్తిగా ఒక నిమిషం. ఆ చోట ఏదో ఒక ఊరూ వీధీ పడాలి కదా. పడేదేదో నిజమైనదే పడితే పోయె.

ఒక్క సంగతి ఇక్కడ స్పష్టంగా రాసుకోవాలి. బోయెత్‌కి నేను చెప్పలేదు. చీటీ మీద రాసి ఇచ్చాను.

"ర్యాంకు?" అన్నాడు.

"మొదటి ర్యాంకు."

ఖాళీ మిగిలిందని వాడే ఒక బంగళా బొమ్మ పెట్టాడు, ముందు ఈత కొలను, పక్కన రెండు తెల్ల గుర్రాలు. అడుగున "గర్వపడే నాన్న, క్రిస్పులో, మాజీ జీప్నీ డ్రైవర్" అని బంగారు అక్షరాలు. షాపులోనే ఏడ్చేశాను. బోయెత్ కూడా కాస్త కళ్లు తుడుచుకుని, తడి చేత్తో ఫ్లెక్సీ ముట్టుకోవద్దన్నాడు.

జూలై 8, మంగళవారం

పొద్దున్నే లుర్దెస్ చేపల మార్కెట్‌కి వెళ్లగానే గోడకి కట్టాను. సందంతా వచ్చింది. కరిదాద్ చెయ్యి గుండె మీద పెట్టుకుంది. మంగలి తన కోడి ఫ్లెక్సీ వైపు చూసి, మళ్లీ మాది చూసి, "గుర్రాలు బాగా పడ్డాయి రేడియో అన్నా" అన్నాడు. టెర్మినల్లో డ్రైవర్లు నాకు పెట్టిన పేరు రేడియో. ఎందుకు పెట్టారో, నా గొంతు బాగుంటుందని కాబోలు.

తొమ్మిదిన్నరకి లుర్దెస్ వచ్చింది. చేతిలో చేపల సంచి. గోడ ముందు ఆగింది. మెచ్చుకుంటుందని నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఏమయ్యా, అది చదువు."

"కళ్లద్దాలు మర్చిపోయావా?"

"నువ్వు చదువు. గట్టిగా."

చదివాను. "కంగ్రాచ్యులేషన్స్ జోనాబెల్. మొదటి ర్యాంకు. సొంత ఇల్లు." అక్కడిదాకా గొంతు ఖంగుమంది. "శాంతా క్లారా వీధి, పద్నాలుగో..."

అక్కడ నా గొంతు నాకు వినబడింది.

లుర్దెస్ చేపల సంచి కింద పెట్టి, తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. నేను ముడి ఒక్కటి కూడా విప్పలేకపోయాను. అప్పుడే కరిదాద్ ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అన్నా, మనది ఫేస్‌బుక్‌లో పెట్టాను, రెండొందల పన్నెండు మందికి నచ్చింది" అంది. లుర్దెస్ ఆ ఫోన్ తీసుకుని పేర్లు ఒక్కొక్కటీ చదివింది. అందులో ఎల్మర్ వాళ్ల పిన్ని కూతురు ఉంది. ఎర్ర గుండె పెట్టింది.

లుర్దెస్ మేడం పలోమార్‌కి ఫోన్ చేసింది. గంటలోపల జోనాబెల్, జ్యువెల్ శాంతా క్లారా వదిలి ఆశ్రమానికి వెళ్లిపోయారు. సాయంత్రం మేడం మా ఇంటికి వచ్చింది. తిట్లకి సిద్ధంగా కూర్చున్నాను.

"తాతగారూ, మీరు మంచివారు" అంది. "మంచివాళ్ల వల్ల ఈ ఏడాది పోయిన ఇళ్లలో ఇది నాలుగోది."

ఇల్లు వచ్చి ఎనిమిది రోజులు.

జూలై 9, బుధవారం

రాయను.

జూలై 10, గురువారం

ఈ పుస్తకం మొదటి పేజీలో అడ్రసు ఉంది. పెన్నుతో కొట్టేద్దామనుకున్నాను. ఇప్పుడు కొట్టేస్తే ఎవరికి ఉపయోగం.

జూలై 11, శుక్రవారం

జోనాబెల్ ఫోన్ చేసింది.

"నాన్నా, నాకు కోపం లేదు."

"తిట్టమ్మా. కాస్త తిట్టు."

"నాకు తిట్లు రావు నాన్నా. తొమ్మిదేళ్లు విన్నాను కానీ నేర్చుకోలేదు." తర్వాత తనే అంది. "జ్యువెల్ చెప్పులు సంచిలో పెట్టేసుకుంది. ఎందుకే, ఇప్పట్లో ఎక్కడికీ వెళ్లంగా అంటే, మనం ఎప్పుడు వెళ్తామో మనకి తెలీదుగా అంటోంది."

ఆరేళ్ల పిల్ల.

మేడం పలోమార్ చెప్పిందట. నెలాఖరుకి ఇంకో గది ఖాళీ అవుతుందట, అందులో ఉన్న ఆవిడ పుట్టింటికి వెళ్లిపోతోందట, చిన్నపిల్ల ఉంది కాబట్టి జోనాబెల్‌ని వరసలో ముందు పెట్టారట. కానీ ఎల్మర్ ఇలా వెతుకుతుంటే దాన్ని జోనాబెల్‌కి ఇవ్వలేరు. కోర్టు ఒక కాగితం ఇచ్చింది. జోనాబెల్ దరిదాపులకి వస్తే ఎల్మర్‌ని పట్టుకెళ్లొచ్చని. ఆ కాగితం అతని చేతిలో పడాలి. మూడు నెలలుగా పోలీసులు దాన్ని పట్టుకుని తిరుగుతున్నారు. ఓడరేవులో అడిగితే ఇంట్లో అంటారు, ఇంట్లో అడిగితే ఓడరేవులో అంటారు. కాగితం అందితే గది. అందకపోతే గది పదకొండు మందిలో ఇంకొకరికి.

జూలై 12, శనివారం

ఎల్మర్ వచ్చాడు.

భోజనం వేళ, కాల్చిన కోడి పట్టుకుని, నవ్వుకుంటూ. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు, అందుకే పెళ్లికి ఒప్పుకున్నాను. లుర్దెస్ వంటింట్లోంచి చూసి, వెనక కిటికీలోంచి కరిదాద్‌ని పోలీసుల కోసం పంపింది.

"మామయ్యా, ఫ్లెక్సీ చూశాను. ఎంత బాగుందో" అన్నాడు. "శాంతా క్లారాకి వెళ్లాను. కింద ఎవరో ముసలిది బట్టలుతికిన నీళ్లు నెత్తిన పోసింది. వాళ్లు అక్కడ లేరు. నేను మారిపోయాను మామయ్యా. ఎక్కడున్నారో చెప్పు. నీ నోట్లో మాట ఆగదు కదా, ఊరంతా చెప్పుకుంటుంది."

అప్పుడు తెలిసింది రేడియో అంటే ఏమిటో. అరవై తొమ్మిదో ఏట.

నోరు ఖాళీగా ఉంటే ప్రమాదమని అన్నం కుక్కుకున్నాను. అది అయిపోగానే లుర్దెస్ ఇంకో గరిటె వేసింది. ఎల్మర్ నా నోటి వంకే చూస్తూ కూర్చున్నాడు. నాలుగు పళ్లాలు తిన్నాను. నాలుగో పళ్లెంలో ఒక సంగతి తట్టింది. వాళ్లెక్కడున్నారో నాకు నిజంగా తెలీదు. తెలియనిదాన్ని దాచడం ఎంత సుఖం. కడుపు పగిలిపోతోంది కానీ మనసు దూదిలా ఉంది.

అతని చెయ్యి బల్ల మీద ఉంది. శుభ్రమైన చెయ్యి, గోళ్లు కత్తిరించుకున్న చెయ్యి. దాన్ని ఎక్కువసేపు చూడలేకపోయాను.

సందు చివర పోలీసుల మాట వినబడగానే వెనక గోడ దూకి పోయాడు. కాగితం మళ్లీ వాళ్ల చేతిలోనే మిగిలింది. కోడి కూడా తీసుకుపోయాడు.

జూలై 13, ఆదివారం

చర్చి నుంచి వస్తూ లుర్దెస్ నడిరోడ్డు మీద ఆగిపోయింది.

"ఏమయ్యా, నీ నోటి నుంచి జారిన మాటని ఈ ఇలోయిలోలో ఎవరైనా అనుమానిస్తారా?"

"నన్ను ఏడిపించకే."

"ఏడిపించడం లేదు. నువ్వు దాచలేవని ఎల్మర్‌కి తెలుసు. నీ దగ్గర నుంచి ఏది బయటపడితే అది నిజమని నమ్ముతాడు." నా వైపు చూసిన చూపు మా పెళ్లినాటి చూపు. "నీ రోగం ఇన్నేళ్లకి పనికొచ్చేలా ఉంది."

నేరుగా పోలీసుల మహిళా విభాగానికి వెళ్లాం. అక్కడ సార్జెంట్ తెర్రె అని ఒకావిడ, నాకన్నా పొడుగు. లుర్దెస్ ఆలోచనంతా విని పెన్ను చెవి వెనక పెట్టుకుంది.

"చూడమ్మా, మేం ఎవర్నీ రమ్మని పిలవం. అది మా పని కాదు" అంది. "కానీ మా వెనక గేటు ఎవరైనా తడితే తెరుస్తాం. వెనక గేటు వేరే వీధిలోకి ఉంటుంది. బోర్డు ఉండదు. కొబ్బరి తురిమే కొట్టు పక్కన, 31వ నంబరు." ఇంకాస్త ఆగి, "పచ్చ గేటు" అంది.

జూలై 15, మంగళవారం

బోయెత్ రెండో ఫ్లెక్సీ వేశాడు. "కంగ్రాచ్యులేషన్స్ జోనాబెల్, మళ్లీ. కొత్త అడ్రసు." ఈసారి వాడే గుర్రాలు నాలుగు చేశాడు, పాత కస్టమర్ అని.

జూలై 17, గురువారం

ఈ రోజు నేను నటించాను. లుర్దెస్ ఇంకా బాగా నటించింది.

ఎల్మర్ పిన్ని కూతురు ఉదయం ఎనిమిదింటికి బ్రెడ్డు కొనడానికి మా సందులోంచి వెళ్తుంది. ఏడూ యాభైకి ఫ్లెక్సీ కట్టాను. ఆ అమ్మాయి ఆగింది. ఫోన్ తీసింది. ఫొటో తీసుకోవడానికి వీలుగా నేను పక్కకి జరిగాను, ఎండ మొహాన పడుతోందని చెప్పుకుంటూ. అప్పుడు లుర్దెస్ గరిటెతో బయటికి వచ్చింది.

"మళ్లీ కట్టావా? ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? నీ నోరు సరిపోక గోడకి కూడా నోరు పెట్టావా?"

"పొరపాటైపోయిందే."

"పొరపాటు కాదు, నువ్వే పొరపాటువి. నలభై మూడేళ్ల పొరపాటువి."

ఆ చివరి మాట మేం అనుకున్నదాంట్లో లేదు. కానీ చాలా సహజంగా వచ్చింది. సందులో నలుగురు చప్పట్లు కొట్టబోయి ఆగారు. లుర్దెస్ ఫ్లెక్సీ లాగేసి, మడిచి, దాని మీద కూర్చుంది. పిన్ని కూతురు బ్రెడ్డు కొనకుండానే వెనక్కి వెళ్లిపోయింది.

జూలై 18, శుక్రవారం

ఏమీ లేదు. గోళ్లు కొరికి కొరికి అయిపోయాయి.

జూలై 19, శనివారం

పదకొండున్నరకి ఎల్మర్ 31వ నంబరు పచ్చ గేటు తట్టాడు. కాల్చిన కోడి, ఒక పూలగుత్తి. దువ్విన తల. సార్జెంట్ తెర్రె సాయంత్రం వచ్చి చెప్పింది, నేను మూడుసార్లు చెప్పించుకున్నాను.

గేటు తెరిచింది ఆవిడే, యూనిఫాం మీద వంటకి కట్టుకునే గుడ్డ కట్టుకుని.

"జోనాబెల్ ఉందా?" అన్నాడట.

"రా బాబూ, లోపలికి రా. నీ పేరు?"

పూర్తి పేరు చెప్పాడట, తండ్రి పేరుతో సహా. లోపల బల్ల ముందు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, కాగితం చేతిలో పెట్టి, ఇక్కడ సంతకం చెయ్యి అందట. గోడ మీద పోలీసు గుర్తు అప్పుడు చూశాడట. పారిపోదామని లేచేసరికి గేటు గడియ పడి ఉంది. లోపలి గడియ.

సంతకం చేశాడు. ఇక నా కూతురి దరిదాపులకి వస్తే జైలే. "కోడిని ఏం చేశారు?" అని అడిగాను. మధ్యాహ్నం భోజనం దాకా సాక్ష్యంగా ఉంచుకున్నారట.

మేడం పలోమార్‌కి విషయం తెలిసింది. లుర్దెస్‌ని ఫోన్లో గట్టిగా మందలించింది. ఇలాంటివి చేయకూడదు, ప్రమాదం, ఇంకెప్పుడూ వద్దు అంది. తర్వాత చాలాసేపు ఫోన్లోంచి ఏదో చప్పుడు వచ్చింది. నవ్వు ఆపుకుంటోంది కాబోలు.

ఆగస్టు 1, శుక్రవారం

గది వచ్చింది. నా బంగారానికి మళ్లీ గది వచ్చింది. దేవుడా, నీకు ఎన్ని కొవ్వొత్తులు వెలిగించను.

మేడం పలోమార్ తానే ఇంటికి వచ్చి ఈ మాట చెప్పింది. నేను వెంటనే రెండు చెవులూ మూసుకున్నాను.

"తాతగారూ, నేనింకా నోరు తెరవలేదు."

"తెరవకండి మేడం. నాకు చెప్పొద్దు. లుర్దెస్‌కి చెప్పండి, నేను దొడ్లోకి వెళ్తాను."

దొడ్లోకి వెళ్లి కోళ్లతో మాట్లాడాను, అంతా అయ్యేదాకా.

ఆగస్టు 10, ఆదివారం

ఒకసారికి ఒక్కరే చూడ్డానికి రావచ్చన్నారు. పోయిన ఆదివారం లుర్దెస్ వెళ్లింది, ఇవాళ నేను. సిస్టర్ల వ్యాను వచ్చింది. ఎక్కగానే చేతిరుమాలు తీసి కళ్లకి కట్టుకున్నాను.

"తాతా, అంత అక్కర్లేదు" అన్నాడు డ్రైవరు.

"నువ్వు పోనీ బాబూ."

కళ్లకి గంతలు కడితే చాలనుకున్నాను. నలభై ఒక్క ఏళ్ల జీప్నీ సంగతి మరిచిపోయాను. వ్యాను మొదట ఎడమకి తిరిగింది, ఆ తర్వాత, అది రాయను. ఒక గతుకు వచ్చింది. ఆ గతుకు నా నడుముకి బాగా తెలుసు, వర్షాకాలం రెండుసార్లు అక్కడ నా ఇరుసు విరిగింది. తర్వాత వేడి బ్రెడ్డు వాసన. తర్వాత ఇనుప రేకు మీద చక్రం పడిన చప్పుడు. నా నడుము నాకు అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. దాని నోరు మూయించడానికి గొంతెత్తి పాట అందుకున్నాను. మాటలు గుర్తులేక ఒకే ముక్క తిప్పి తిప్పి పాడాను. డ్రైవరు వ్యాను వేగం పెంచాడు.

మెట్లు ఎక్కి తలుపు కొట్టాను. లోపల గడియ జరిగిన చప్పుడు. ఆ చప్పుడు వినడానికైనా ఇంకో నలభై ఏళ్లు బతకొచ్చు.

"లోలో, మనం ఎక్కడున్నామో చెప్పు" అంది జ్యువెల్.

"మనీలాలోనా?"

"కాదు."

"చందమామ మీదా?"

నేల మీద దొర్లి నవ్విన చప్పుడు. జోనాబెల్ నా రుమాలు విప్పింది. జ్యువెల్ చెప్పులు తలుపు పక్కన ఉన్నాయి, బయటే, ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. సంచిలో లేవు.

జోనాబెల్ నా రుమాలు విప్పింది. గది చూశాను. పొయ్యికీ మంచానికీ మధ్య అడ్డుతెరగా, పైకప్పు నుంచి నేల దాకా, నా మొదటి ఫ్లెక్సీ వేలాడుతోంది. పోయిన వారం లుర్దెస్ చేత రహస్యంగా తెప్పించుకుందట. నాకు ఒక్క ముక్క కూడా తెలీదు, ఆ ఇంట్లో అందరూ నాకన్నా రహస్యం దాచగలరు. అడ్రసు ఉన్న చోట కత్తెరతో చక్కగా కోసేసి, ఆ కన్నానికి వెనక ఒక కాగితం అంటించారు. కాగితం మీద జ్యువెల్ గీసిన బొమ్మ. ఇల్లు చిన్నది, గడియ పెద్దది.

"పిచ్చి నాన్నా, నా మొహం తలుపంత వేయించావు" అంది జోనాబెల్. "పొద్దున లేవగానే దాన్ని చూసి నాకే దడ పుడుతోంది. ఆ గుర్రాలు ఎక్కడ కట్టుకోవాలో కూడా చెప్పు."

"మెట్ల దగ్గర కట్టు. ఇందాయ్, ఇది చూస్తే నీకు ఆ రోజు గుర్తు రాదూ?"

"వస్తుంది." అన్నం కలుపుతూ నా వైపు చూడలేదు. "హైస్కూల్ అయినప్పుడు వేయిస్తానన్నావుగా. పదిహేడేళ్లు ఆలస్యమైంది, అంతే. పర్లేదు నాన్నా."

ఈసారి ఆ "పర్లేదు" వేరేగా వినబడింది. అన్నం ఈసారి మాడలేదు. నేనే మాడలేదేమని అడిగి తిట్టించుకున్నాను. నేర్చుకుంటోంది.

తిరిగి వచ్చేటప్పుడు కూడా రుమాలు కట్టుకున్నాను, పాట కూడా పాడాను. ఇంటికి రాగానే లుర్దెస్ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎలా ఉంది ఇల్లు?"

"స్వర్గం."

"ఎక్కడుంది?"

"నాకేం తెలుసు. కళ్లకి గంతలు కట్టుకున్నానుగా."

"నీ నడుముకి కూడా కట్టావా?"

నలభై మూడేళ్లు కాపురం చేసిన మనిషి ముందు ఏమని బుకాయిస్తాం. పళ్లెం తెచ్చుకుని అన్నం పెట్టుకున్నాను. కడుపు నిండా తిని వచ్చాను, అయినా మళ్లీ తిన్నాను, నోటి నిండా. తిన్నాక ఇంతవరకూ రాశాను. లుర్దెస్ ఈ పుస్తకం తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుంది. ఎడమకి తిరిగింది అన్న చోట వేలు పెట్టి చాలాసేపు ఆగింది. తర్వాత కొత్త అడ్రసు కోసం పేజీలన్నీ తిప్పింది, అట్ట కింద కూడా చూసింది. చివరికి పుస్తకాన్ని తలకిందులు చేసి గట్టిగా దులిపింది.

ఏమీ రాలలేదు.